గాజుతొట్టిలోని సముద్రజలము

విశాఖపట్టణమున సముద్రతీరమందలి మత్స్యదర్శినిని చూచిన బాలబాలికలు గాజుపలకల వెనుక ఈదులాడు రంగురంగుల చేపలను చూచి ముచ్చటపడియే యుందురు. నారింజవన్నె మేనిపై తెల్లని పట్టెలు గల చేపలు, పసుపుకొమ్మువలె మెఱయు చేపలు, విసనకఱ్ఱవంటి రెక్కలు విప్పుకొని నిదానముగా కదలు చేపలు - ఇవి యన్నియు వెచ్చని సముద్రములలో పగడపు దిబ్బల నడుమ సంచరించు జీవులు. ఒకప్పుడు వీనిని ప్రదర్శనశాలలలో మాత్రమే చూడవలసి యుండెను. నేడు మన నగరములలో కొందఱు గృహస్థులు తమ యింటి ముందుగదిలోనే ఉప్పునీటి తొట్టిని అమర్చుకొని, సముద్రములో ఒక చిన్న ముక్కను ఇంటికి తెచ్చుకొనుచున్నారు.

ఆ తొట్టిని నెలకొల్పు విధము ఇచట వివరింపబోను. చేపలనమ్ము అంగడివాడు దానిని మిక్కిలి యుత్సాహముతో చెప్పును. అతడు చెప్పక విడుచు సంగతి యొకటి కలదు. తొట్టినుండి తీసిన పాతనీటిని ఎచట పారబోయవలెను? వినుటకు ఇది చిన్న ప్రశ్నయే. కాని దీనికి తప్పు సమాధానము చెప్పినందున ఇండ్లలోని పూలతోటలే కాదు, సముద్రతీరములే పాడైనవి.

మొదట ఆ నీరు ఎట్టిదో తెలిసికొందము. సముద్రపు నీటియందు లీటరునకు ఇంచుమించు 35 గ్రాముల లవణములు కరగియుండును. అందు అధికభాగము మనము కూరలలో వేసికొను ఉప్పే. తక్కినవి మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము మున్నగువాని లవణములు. ఇండ్లలోని తొట్టెలకు సముద్రజలమును మోసికొని తెచ్చుట అరుదు. ఈ లవణములనన్నిటిని తగుపాళ్ళలో కలిపిన పొడి అంగళ్ళలో దొరకును. దానిని శుద్ధజలమున కరగించి వాడుదురు. చేపల మలము, అవి తినక విడిచిన మేత, నీటిలో కుళ్ళి అమోనియాగా మాఱును. ఇసుకలోను రాళ్ళలోను కాపురముండు సూక్ష్మజీవులు ఆ అమోనియాను మొదట నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. నైట్రేటు తొట్టిలో దినదినము పేరుకొనుచుండును. అది మితిమీరిన చేపలకు హాని. అందువలన వారమునకో పక్షమునకో ఒకసారి కొంతనీటిని తీసివేసి, క్రొత్త ఉప్పునీటిని నింపవలసి వచ్చును.

నూఱు లీటర్ల తొట్టినుండి అయిదవ వంతు తీసితిమనుకొనుడు. అది 20 లీటర్లు. లీటరునకు 35 గ్రాముల చొప్పున అందులోనున్న ఉప్పు 700 గ్రాములు. నలుగురున్న సంసారమున రెండు వారములకు పైగా వంటలో వాడు ఉప్పు అంతయు ఆ రెండు బకెట్లలో నున్నదన్నమాట. నీరు చూచుటకు తేటగానే యుండును. ఆ తేటదనమే మనలను మోసగించును.

మంచినీటి తొట్టిలో బంగారుచేపలను పెంచువారికి ఒక మంచి అలవాటు కలదు. వారు పాతనీటిని పూలమొక్కలకు పోయుదురు. అది మెచ్చదగిన పనియే. ఆ నీటిలోని నైట్రేటు మొక్కలకు ఎరువు. ఎరువుతో కూడిన నీరు వెలలేక లభించినప్పుడు కాలువపాలు చేయుట ఎందులకు? అయితే ఈ అలవాటును ఉప్పునీటి తొట్టికికూడ పొడిగించిన చిక్కు వచ్చును. మా వీధిలోని ఒక గృహస్థు చాలకాలము బంగారుచేపలను పెంచి, పిదప కుమారుని కోరికపై ఉప్పునీటి తొట్టిని తెప్పించెను. పాత పద్ధతిననుసరించియే తొట్టినీటిని ప్రహరిగోడ ప్రక్కనున్న మల్లెపొదకు పోయించుచుండెను. కొన్ని దినములకు ఆకుల కొనలు మాడినట్లు గోధుమవన్నెకు తిరిగెను. పురుగు పట్టినదేమోయని మందు చల్లించెను. ఆకులు ఇంకను వాడినవి. నీరు చాలలేదేమోయని మఱియొక బకెట్టు పోయించెను. ఆ బకెట్టుకూడ తొట్టినీరే! మల్లెపొద మఱి చిగురింపలేదు.

నీరు పోసినకొలది మొక్క ఎండుట వింతగా తోచవచ్చును. దీని కారణమును మీ యింటి వంటగదిలోనే చూడవచ్చును. వేసవిలో మీ అమ్మ మామిడికాయ ముక్కలపై ఉప్పు చల్లి జాడీలో పెట్టును. మఱునాటికి జాడీ అడుగున నీరు ఊఱును. ఆ నీటిని ఎవరును పోయలేదు. ముక్కలలోని నీటినే ఉప్పు వెలికి లాగినది. పలుచని ద్రావణమునుండి చిక్కని ద్రావణము వైపునకు, నడుమనున్న పొరగుండ నీరు ప్రవహించు ఈ ధర్మమునకు ద్రవాభిసరణమని పేరు. సామాన్యముగా మొక్కవేళ్ళలోని రసము మట్టిలోని నీటికంటె చిక్కగా నుండును గనుక నీరు మట్టినుండి వేరులోనికి చేరును. మట్టిలో ఉప్పు మిక్కుటమైనప్పుడు ఈ వ్యవహారము తలక్రిందులగును. వేరు చుట్టును నీరు నిండియున్నను త్రాగలేక మొక్క దాహముతో చచ్చును. వరిపైరే యైనను, మట్టిలోని నీటియందు లీటరునకు రెండు గ్రాములకు మించి ఉప్పున్నచో దిగుబడిలో వెనుకబడుట మొదలిడును. తొట్టినీటిలో దానికి పదునేడు రెట్లు ఉప్పు కలదు.

చెడునది మొక్క యొక్కటియే కాదు. ఉప్పులోని సోడియము మట్టిని పట్టుకొనును. మంచి రేగడినేలలో సన్నని మట్టికణములు కాల్షియము బలమున గుత్తులు గుత్తులుగా కూడియుండి, ఆ గుత్తుల నడుమ గాలికిని నీటికిని దారి విడుచును. సోడియము వచ్చి కాల్షియమును త్రోసివేసిన ఈ గుత్తులు విడిపోవును. తడిసినప్పుడు నేల జిగట బురదయై నీటిని ఇంకనీయదు. ఎండినప్పుడు రాయివలె గట్టిపడి నెఱ్ఱెలిచ్చును. మన రైతులు చౌడు అని భయపడునది ఇట్టిదే. మంచినీటితో పదేపదే కడిగి, జిప్సము వేసి ఇట్టి నేలలను బాగుచేయవచ్చును గాని, అది ఒక పూటలో తేలు పని కాదు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడినప్పుడు వేలాది ప్రాణములు పోయినవి. బ్రదికినవారికి సముద్రపు నీరు నిలిచిన పొలములు మఱియొక కష్టమైనవి. అట్లే 1990 తరువాతి కాలమున కోస్తాజిల్లాలలో రొయ్యల చెఱువులకై ఉప్పునీటిని లోపలికి తెచ్చినచోట ప్రక్కనున్న వరిమళ్ళును, త్రాగునీటి బావులును ఉప్పుబారినవని రైతులు మొఱపెట్టుకొనిరి. దేశమునందలి తీరప్రాంతముల నుండి వచ్చిన ఇట్టి మొఱలపై సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పినది. రెండు బకెట్ల నీటిని ఉప్పెనతో పోల్చుట పరిహాసముగా తోచునేమో. కాని పెరటిలోని ఒకేచోట, పక్షమునకు 700 గ్రాముల చొప్పున, ఏడాది పొడవున పోసిన ఉప్పు 18 కిలోలు దాటును. ఆ చోటున మఱియే మొక్కయు మొలవదు. పెరటిలో బోరుబావియున్న, వానలకు ఆ ఉప్పు క్రిందికి దిగి ఇంటివారి త్రాగునీటిలోనికే రావచ్చును.

కొబ్బరిచెట్టు మొదట ఉప్పు వేయుట కోనసీమ పెద్దలెఱిగిన పనియే గదాయని తెలివిగల విద్యార్థి అడుగవచ్చును. నిజమే. కొబ్బరి సముద్రపుటొడ్డున పుట్టి పెరిగిన చెట్టు. కొంత ఉప్పును అది సహించును. ఐనను దాని నీడలో పెరుగు పసుపు, కంద, అరటి సహింపవు. కాన కొబ్బరిని సాకుగా చూపి తొట్టినీటిని తోటలో పోయరాదు.

తోటలో వలదన్నచో వీధికాలువలో పోయవచ్చునా? ఇచట మనము కాలువలలో రెండు తెగలున్నవని గుర్తింపవలెను. వాననీటికై వీధి ప్రక్కన త్రవ్విన కాలువ యొకటి. స్నానపుగదినుండియు, మఱుగుదొడ్డినుండియు భూమిలో పోవు మురుగు గొట్టము మఱియొకటి. మొదటిదానిలోని నీరు ఏ శుద్ధియును పొందక తిన్నగా చెఱువునకో ఏటికో సముద్రమునకో చేరును. రెండవది శుద్ధికేంద్రమున్న పట్టణములలో ఆ కేంద్రమునకు పోవును. చూచుటకు రెండును కాలువలే గాని, వాని గమ్యములు వేఱు. ఈ భేదమును గుర్తింపనందువలన కలిగిన నష్టమునకు వెల కట్టుట కష్టము.

"సముద్రపు నీటిని సముద్రములో కలిపిన దోషమేమి?" అని తీరవాసులు కొందఱు వాదింతురు. ఉప్పుమాట వఱకు ఈ వాదము సరియైనదే. కాని తొట్టినీటిలో ఉప్పుతోపాటు కంటికి ఆనని బ్రదుకులు కలవు. నాచుతునుకలు, నత్తగ్రుడ్లు, పురుగుపిల్లలు, రోగకారకములైన సూక్ష్మజీవులు - ఇవి ఏ దూరద్వీపములనుండియో చేపలతోను రాళ్ళతోను వచ్చినవి. తమ జన్మస్థానమున వీనికి శత్రువులుండును. పరాయి తీరమున ఉండకపోవచ్చును. ఈ సంగతిని లోకమునకు నేర్పినది కౌలెర్పా అను ఒక పచ్చని సముద్రపు నాచు.

ఈ నాచు చూడ చక్కనిది. పక్షియీకవంటి పచ్చని ఆకులతో తీగవలె ప్రాకును. వృక్షశాస్త్రజ్ఞులకు అది ఒక వింత. బారెడు పొడవు పెరిగినను లోపల అడ్డుగోడలు లేక అంతయు ఒకే కణముగా నుండును. చేపల తొట్టెలకు అలంకారముగా నుండునని ఐరోపాలోని ప్రదర్శనశాలలలో దీనిని పెంచిరి. జర్మనీదేశపు స్టుట్‌గార్ట్ నగరములోని జంతుప్రదర్శనశాలలో పెరిగిన రకము చలికి తట్టుకొనునదై యుండెను. అది ఒక శాలనుండి మఱియొక శాలకు చేతులు మారెను. 1984లో మధ్యధరాసముద్రమున, మొనాకోలోని సముద్రశాస్త్ర ప్రదర్శనశాల క్రిందనే, ఈ నాచు ఇంచుమించు ఒక చదరపు మీటరు మేర నేలపై పఱచుకొనియుండుట కనబడెను. అప్పుడు ఒక మనిషి ఒక్కపూటలో పెఱికివేయదగిన పని అది. ఎవరును పెఱుకలేదు. అయిదేండ్లకు అది ఒక హెక్టారు దాటెను. నీస్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు అలెగ్జాండర్ మెనేజ్ ఈ ప్రమాదమును ఎత్తిచూపగా, నాచు తనంతట తానే వచ్చినదని కొందఱు వాదించిరి. ఆ వాదములు జరుగుచున్న దినములలో నాచు మాత్రము ఊరకుండలేదు. ఓడల లంగరులకును, జాలరుల వలలకును చిక్కుకొని ఊరూరు తిరిగెను. దాని తునుక యెచట పడిన అచట మొలచును. 2000 నాటికి అది ఆఱు దేశముల తీరజలములలో వ్యాపించెను. అందులోని చేదువిషము వలన చాల చేపలు దానిని మేయవు. చేపపిల్లలకు ఆశ్రయమైన సహజమగు సముద్రపు గడ్డిమైదానములను అది కప్పివేసెను. తరువాతి కాలమున పెక్కుచోట్ల ఆ నాచు క్షీణించినది గాని, ఆ క్షీణత మనుష్యుల ప్రయత్నమువలన కలిగినది కాదు.

ఇదే నాచు 2000 జూన్ మాసమున అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు తీరమందలి ఒక ఉప్పుటేటిలో కనబడెను. గృహస్థులెవరో చేపలతొట్టి నీటిని పారబోయుటచే అచటికి వచ్చియుండునని భావించిరి. మధ్యధరాసముద్రపు కథను ఎఱిగినందున ఆ రాష్ట్రమువారు ఆలస్యము చేయలేదు. మూడు వారములైన గడువకమునుపే గజఈతగాండ్రు నీట మునిగి, నాచు పెరిగినచోటనెల్ల నల్లని పట్టాలు కప్పి, అంచులు బిగించి, లోనికి క్లోరినును ఎక్కించిరి. తరువాత ఏండ్లతరబడి అడుగడుగున వెదకిరి. 2006లో ఆ నాచు నిర్మూలమైనదని ప్రకటించిరి. అప్పటికి అయిన వ్యయము 70 లక్షల డాలర్లు మించినది.

నాచే కాదు, చేపలును ఇట్లు తప్పించుకొనినవి. విసనకఱ్ఱవంటి రెక్కలని పైన చెప్పితిని గదా, ఆ సింహచేప మన హిందూమహాసముద్రమునకు, పసిఫికునకు చెందినది. దాని వెన్నుముళ్ళలో విషముండును. 1985లో అది అమెరికాలోని ఫ్లోరిడా తీరమున, తనది కాని అట్లాంటికు సముద్రములో కనబడెను. తొట్టెలలో పెంచినవారు విడుచుటయే దీనికి కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఇప్పుడది కరీబియను దీవులన్నిట నిండియున్నది. బహామాదీవులలో జరిపిన ఒక పరీక్షలో, సింహచేపయున్న చిన్న దిబ్బలపై క్రొత్తగా చేరు చేపపిల్లలు అయిదు వారములలో 79 శాతము తగ్గినవని తేలినది. మన నేలపైకూడ ఇట్టిదే జరుగుచున్నది. అలంకారమునకై తెచ్చిన దక్షిణ అమెరికాదేశపు ముండ్లచేప యొకటి మన చెఱువులలోను కాలువలలోను చొచ్చి జాలరుల వలలను చింపుచున్నది. దానిని వారు దయ్యపుచేప యనుచున్నారు. అది మంచినీటి చేపయే గాని, వచ్చినదారి అదే.

ఇక చేయదగిన విధము. ఇది పెద్దలు చేయవలసిన పని. పిల్లలు ప్రక్కన నిలిచి సాయపడవచ్చును.

మొదట నీటిమోటారు, వెచ్చజేయు కడ్డీ, దీపము - వీని ప్లగ్గులన్నిటిని తీసివేయవలెను. ఉప్పునీరు విద్యుత్తును మంచినీటికంటె మిక్కిలి సులభముగా ప్రవహింపజేయును. తడిచేతితో ప్లగ్గును తాకరాదని వేఱుగ చెప్పనక్కఱలేదు. చేతులపై గాటుగాని పుండుగాని యున్నచో రబ్బరు తొడుగులు వేసికొననిదే తొట్టిలో చేయి పెట్టరాదు. చేపల తొట్టెలలోనుండు ఒక జాతి సూక్ష్మజీవి గాయముగుండ చొచ్చి నెలలతరబడి మానని పుండ్లు పుట్టించును. గొట్టముతో నీటిని తీయునప్పుడు దానిని నోట పీల్చు అలవాటు మనవారిలో కలదు. అది మానవలెను. గొట్టమును నీటితో నింపి, రెండు కొనలను వ్రేళ్ళతో మూసి, ఒక కొనను తొట్టిలోను, మఱియొకదానిని క్రిందనున్న బకెట్టులోను విడిచిన నీరు తనంతట దిగును.

నీటిని పలుచని గుడ్డతో వడియగట్టి, 10 లీటర్లకు ఒక చిన్నచెమ్చాడు బ్లీచింగు పౌడరు చొప్పున కలిపి, గాలి వచ్చుచోట మూతలేక ఒక రాత్రి ఉంచవలెను. అందు నాచుతునుకలును సూక్ష్మజీవులును నశించును. మఱుగుదొడ్లు కడుగు ఆమ్లమును దీనితో ఎన్నడును కలుపరాదు. కలిపినచో వెలువడు క్లోరిను వాయువు ఊపిరితిత్తులను కాల్చును. మఱునాడు ఆ నీటిని స్నానపుగది మోరీలోగాని మఱుగుదొడ్డిలోగాని కొంచెముకొంచెముగ, మంచినీటితో పాటు విడువవలెను. ఆ గొట్టము శుద్ధికేంద్రమునకు పోవునదియా కాదాయని ముందే తెలిసికొనవలెను.

ఒక నిజము దాచరాదు. శుద్ధికేంద్రము ఉప్పును తొలగింపదు. అచటి సూక్ష్మజీవులు మురికిని తినునుగాని ఉప్పును తినలేవు. అయినను ఈ మార్గమునే మేలని చెప్పుట ఏలన, ఇచట ఉప్పు పలుచనై పోవును. మన పట్టణ నీటిసరఫరా పథకములలో మనిషికి దినమునకు 135 లీటర్లు ప్రమాణము. నలుగురున్న ఇంటినుండి ఆ దినము పోవు 540 లీటర్లలో 700 గ్రాములు కలిసిన, లీటరునకు 1.3 గ్రాములు మాత్రమే. వీధిలోని నూఱిండ్ల నీరు చేరిన తరువాత అది లెక్కింపదగినది కాదు.

మన ఊళ్ళలో పెక్కిండ్లకు భూగర్భ మురుగుగొట్టములు లేవు. సెప్టిక్ ట్యాంకులు, వానిప్రక్క ఇంకుడుగుంటలు ఉన్నవి. అచట ఒకేసారి ఇంత ఉప్పును, దానితో క్లోరినును పోసిన ట్యాంకులో మలమును జీర్ణముచేయు సూక్ష్మజీవులు దెబ్బతినును. ఇంకుడుగుంటగుండ ఉప్పు నేలలోనికి దిగును. అట్టి ఇండ్లవారికి నేను చెప్పు ఉపాయము మన పూర్వులు నౌపాడ ఉప్పుమళ్ళలో చేసిన పనియే. మేడపై ఎండ తగులుచోట వెడల్పైన ప్లాస్టికు పళ్ళెమును పఱచి, నీటిని పలుచగా పోసి, పక్షులు దిగకుండ వల కప్పవలెను. ఒక చదరపు మీటరు పళ్ళెములో 20 లీటర్లు రెండు సెంటీమీటర్ల లోతుకు నిలుచును. వేసవిలో ఒక వారము లోపుగనే అది ఆవిరియై ఉప్పు మిగులును. దీనికి బ్లీచింగు పౌడరుతో పనిలేదు. ఎండిన ఉప్పులో ఆ నాచు బ్రదుకదు. ఆ ఉప్పును సంచిలో కట్టి పొడిచెత్తలో వేయవలెను. అది మనుష్యులకును పశువులకును తినదగినది కాదు. చేపలరోగములకు రాగిమందును వాడియున్నచో అందులో రాగికూడ మిగిలియుండును. వానకాలమున ఈ పద్ధతి సాగదు గనుక, సెప్టిక్ ట్యాంకు గలవారు ఆ మాసములలో నీటిని మూతగల డబ్బాలలో నిలువయుంచుకొనవలసియుండును. అంత ఓపిక లేనివారు ఉప్పునీటి తొట్టి జోలికి పోకుండుటయే మంచిది.

తొట్టిలోని రాళ్ళమాట ఒకటి మిగిలినది. వానిపై కొన్ని పూవులవంటి మెత్తని జీవులు పెరుగును. వానిలో కొన్నిటియందు పాలిటాక్సిను అను భయంకరమైన విషముండును. రాయిని శుభ్రపఱుపనెంచి వేడినీట ఉడికించినందున, ఆవిరితో లేచిన విషమును పీల్చి కుటుంబములే ఆసుపత్రులపాలైన ఉదంతములు విదేశములలో కలవు. కావున రాళ్ళను ఉడికింపరాదు, గీకరాదు. పాత బకెట్టులో బ్లీచింగు పౌడరు నీటిలో కొన్నిదినములుంచి, పిదప మనుష్యులు మసలనిచోట ఎండలో బాగుగా ఎండనిచ్చి, చెత్తబండి వారికి అప్పగింపవలెను. పగడపు రాయి యైనచో మఱియొక చిక్కు కలదు. 2001 నుండి పగడపు జీవులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణనిచ్చుచున్నది. అట్టిదానిని కొనుటయు అమ్ముటయు నేరము.

తొట్టిని పూర్తిగా తీసివేయదలచినవారు చేపలను అమ్మిన అంగడివానికే తిరిగి ఈయవలెను, లేదా పెంచనేర్చిన మఱియొకరికి ఈయవలెను. చచ్చిన చేపలను కాగితములో చుట్టి తడిచెత్తలో వేయవలెను. మఱుగుదొడ్డిలో వేయరాదు.